లియొంతీన్ రాసిన శిక్షలు

షాంబ్రూల్ ఊళ్లో లియొంతీన్ ఫార్జ్ వంట తినని పిల్లవాడు లేడు. ఆమె చేతిరాత చదవగలిగిన పెద్దవాడూ లేడు. బడి క్యాంటీన్ తలుపు పక్కన ఒక నల్లబల్ల ఉండేది. ఆ పూట వంట ఏమిటో రోజూ పొద్దున్నే ఆమె దాని మీద సుద్దముక్కతో రాసేది. పిల్లల్ని దిగబెట్టడానికి వచ్చిన తల్లులు ఆ బల్ల ముందు నిలబడి, మెడ అటు వంచి ఇటు వంచి చూసి, చివరికి కిటికీ దగ్గరికి వెళ్లి వాసన పీల్చి తెలుసుకునేవాళ్లు.

“లియొంతీనమ్మా, కోడి గీకినట్టు రాస్తే ఎలాగమ్మా?” అని ఎవరైనా అంటే, “కోడే గీకింది. మధ్యాహ్నానికి కుండలో ఉంటుంది, పోయి మీరే అడగండి” అనేది.

అలాంటి మనిషి ఒకప్పుడు ఆ ఊరి పిల్లల శిక్షలన్నీ ముత్యాల్లాంటి అక్షరాలతో రాసిపెట్టిందన్న సంగతి ఊళ్లో కొందరికే తెలుసు. తెలిసినవాళ్లెవరూ నోరు విప్పేవారు కాదు. విప్పితే ఆ శిక్షలు ఎవరివో కూడా చెప్పాల్సి వస్తుంది.

ఆమె చిన్నప్పుడు బడికి లఫోన్ మాస్టారు ఉండేవారు. ఒకటే గది, ఒకటే పొయ్యి, అయిదేళ్ల వాళ్ల నుంచి పదమూడేళ్ల వాళ్ల దాకా అంతా అందులోనే. ఆయనకు బెత్తమంటే అసహ్యం. బెత్తం పశువులకని, మనిషిని క్రియతోనే దండించాలని ఆయన సిద్ధాంతం. పిల్లవాడు ఏ తప్పు చేస్తే ఆ తప్పే ఒక వాక్యమయ్యేది. ఆ వాక్యంలోని క్రియను ఆరుగురి మీదా, అన్ని కాలాల్లోనూ తిప్పి రాసి, కింద తండ్రి చేత సంతకం పెట్టించి మర్నాడు తేవాలి. కసాయి కొట్టు వాళ్ల ఎమిలియన్ ఒకసారి మాస్టారి గొడుగులో కప్పను దాచాడు. ‘నేను మాస్టారి గొడుగులో కప్పను దాచను, నువ్వు దాచవు, అతడు దాచడు’ అని మొదలుపెట్టి, మేము, మీరు, వాళ్లు అందరూ నిన్నా, మొన్నా, రేపూ, ఆ తర్వాతా దాచకుండా ఉన్నాక, ఇక మిగిలేది ఎవరూ నోటితో అనని, పుస్తకాల్లో మాత్రమే ఊపిరి పీల్చే ఒక పాత క్రియాకాలం. అందులోనూ కప్పను దాచకుండా ఉండేసరికి పద్నాలుగు పేజీలయ్యేవి. అది రాసినవాడికి ఈ సృష్టి మొదలైంది మొదలు యుగాంతం దాకా మాస్టారి గొడుగు భద్రమేనన్న నమ్మకం కుదిరేది.

బళ్లో అందరికంటే ఎక్కువ శిక్షలు పడేది లియొంతీన్‌కే. ఆ పిల్ల వసపిట్ట. పొయ్యిలో కట్టె పెడుతూ మాట్లాడేది, లెక్క చేస్తూ మాట్లాడేది, మాట్లాడవద్దన్నందుకు ఎందుకు వద్దన్నారని మాట్లాడేది. ‘నేను తరగతిలో వాగను’ అన్నది రెండేళ్లలో ఎన్నిసార్లు రాసిందో లెక్కలేదు. బుద్ధిమంతులైన పిల్లలకు శిక్షలు పడవు గనక క్రియలూ రావు. లియొంతీన్‌కు మాత్రం ఆరునెలలు తిరిగేసరికి నిద్రలో లేపి అడిగినా ఏ క్రియ తోక ఎటు వంగుతుందో చెప్పే శక్తి వచ్చింది.

విద్య వచ్చాక ఊరుకోలేదు. కొట్టు తెరిచింది.

పనికి ఒక పద్ధతి కనిపెట్టింది. అందరూ అడ్డంగా రాస్తే ఆ పిల్ల నిలువుగా రాసేది. ముందు ‘నేను, నువ్వు, అతడు’ అని ఆరు మాటలూ పేజీ పై నుంచి కింది దాకా, తర్వాత క్రియలు పై నుంచి కిందికి, ఆ తర్వాత ‘గొడుగులో’, ‘గొడుగులో’, ‘గొడుగులో’. గోడ కట్టే మేస్త్రీ రాళ్లన్నీ ముందు పేర్చుకుని తర్వాత సున్నం పూసినట్టు. ఒక్కో పిల్లవాడికి ఒక్కో దస్తూరి. ఎమిలియన్‌కు ఇచ్చిన దస్తూరి గుండ్రంగా, కుడివైపుకు ఒరిగి, మొదటి అక్షరం తోక పందితోకలా చుట్టుకుని ఉండేది. కసాయి వాడి కొడుకు గదా అని ఆ తోక పెట్టింది. శిక్షకు జేబెడు కాల్చిన చెస్ట్‌నట్ కాయలు. ఎమిలియన్ అయితే నల్ల సాసేజీ, జానెడు. తండ్రి సంతకం కూడా కావాలంటే దానికి గుడ్డు వేరే.

తన శిక్షలు మాత్రం అందరివీ అయ్యాక, దీపంలో నూనె అడుగంటాక, పాళీ విరిగాక, ఒళ్లో కాగితం పెట్టుకుని రాసేది. నిండా తప్పులు. మాస్టారు ఎర్రసిరాతో కొట్టి రెట్టింపు చేసేవారు. రెట్టింపైన శిక్ష ఇంకా ఆలస్యంగా మొదలయ్యేది. అందులో ఇంకా తప్పులు.

పదమూడో ఏట బడి చదువు ముగిసిందని ఇచ్చే సర్టిఫికెట్ పరీక్ష. నెగ్గేవాళ్లనే మాస్టారు పంపుతారు, ఓడేవాళ్లను పంపితే ఆయన పేరు పోతుంది. ఆ ఏడు బడి తలుపు మీద తొమ్మిది పేర్లు అంటించారు. ఎమిలియన్ పేరుంది. లియొంతీన్ పేరు లేదు. ఆ ఏటి పరీక్షలో క్రియల ప్రశ్న రాలేదు. పందిని కోసే రోజు గురించి వ్యాసం రాయమన్నారు. ఎమిలియన్ నెగ్గాడు. ఆ వారమే లియొంతీన్ సత్రం వంటింట్లో బంగాళాదుంపలు ఒలవడానికి కుదిరింది.

తర్వాత ముప్ఫై మూడేళ్లు గడిచాయి. పెళ్లయింది, భర్త పలకరాతి గనిలో పోయాడు, సత్రం మూతపడింది, బళ్లో క్యాంటీన్ పెట్టారు. పన్నెండేళ్లుగా అందులో వండుతోంది, ఏ ఏటికా ఏడు రాసుకునే ఒప్పందం కాగితం మీద. ఎమిలియన్ షస్తాంగ్ తండ్రి కొట్టుతో పాటు తండ్రి పొట్ట కూడా వారసత్వంగా పుచ్చుకుని, ఊరికి మేయరయ్యాడు. ఆఫీసు గోడ మీద జింక కొమ్ముల కింద ఆయన సర్టిఫికెట్ అద్దంలో ఉంటుంది.

1971 చలికాలంలో ఆయన లియొంతీన్‌ను పిలిపించాడు.

“సంతోషకరమైన కబురు లియొంతీన్. క్యాంటీన్ ఉద్యోగం పర్మనెంటు చేస్తున్నారు. జీతం, సెలవులు, పింఛను, అన్నీ.”

“సంతోషం మేయరు గారూ. మరి మొహం అలా పెట్టారేం?”

“పర్మనెంటుకి సర్టిఫికెట్ ఉండాలిట. జిల్లా వాళ్ల రూలు. సెప్టెంబరులోగా చూపించకపోతే వేరే మనిషిని వెయ్యాలి. నా చేతుల్లో లేదు.”

లియొంతీన్ గోడ మీది అద్దం వైపు చూసింది. మేయరు కూడా చూసి, గబగబా కిటికీ వైపు తిరిగాడు.

“మీ చేతుల్లో ఎప్పుడుంది లెండి” అని ఆమె లేచింది.

పెద్దవాళ్లు ప్రైవేటుగా కట్టే పరీక్ష ఒకటుంది, మే నెలాఖరున. చదువు చెప్పే మనిషి కావాలి. ఊళ్లో ఆ పని చేయగలిగినవాడు ఒక్కడే. లఫోన్ మాస్టారికి ఎనభై నిండాయి. ఒంటిమనిషి. రోజూ మధ్యాహ్నం క్యాంటీన్ నుంచి సూపు క్యారేజీ ఆయనకు వెళ్లేది. సూపు అడుగుకొచ్చాక గిన్నెలో ఎర్ర ద్రాక్షసారా ఒంపి, కలిపి, గిన్నె ఎత్తి తాగి, మీసం తుడుచుకున్నాకే ఆయన ఎవరితోనైనా మాట్లాడేవారు. లియొంతీన్ ఆ మీసం తుడుచుకునేదాకా ఆగి అడిగింది.

“నువ్వా?” అన్నారాయన. “వసపిట్టా, నీకు క్రియలు ఆనాడే రాలేదు గదే.”

“సూపులో మాంసం ముక్కలు పెంచుతాను మాస్టారూ.”

“నాలుగింటికి రా. పలక తెచ్చుకో.”

రోజూ గిన్నెలు తోమి, ఏప్రన్ విప్పి, నాలుగింటికి వెళ్లేది. నలభై ఆరేళ్ల మనిషి, చేతులకు ఉల్లి వాసన, ఆయన ముందు బల్ల చివర కూర్చుని రాస్తుంటే మళ్లీ పాత కథే. ఎవరి ఆకలి ఏమిటో ముఖం చూసి చెప్పే మనిషికి తన కాగితం మీద మనసు నిలిచేది కాదు. రేపటి పప్పు నానబోశానా, గ్యాసు కట్టేశానా అని ఎటో పోయేది.

“ఇది రాతా? కోళ్లు కొట్టుకున్నట్టుంది.”

“కళ్లజోడు తుడుచుకోండి మాస్టారూ.”

“కళ్లజోడుకేం, శుభ్రంగానే ఉంది. ‘వాళ్లు’ దగ్గర క్రియకు తోక ఏదీ? నోటితో పలకం గనక చేత్తో రాయక్కర్లేదనుకున్నావా? ముప్ఫయ్యేళ్ల కింద చెప్పాను.”

“ముప్ఫై మూడు.”

“లెక్కలు బాగానే వస్తాయి. క్రియల్లోనే నీ దరిద్రం.”

ఏప్రిల్ వచ్చేసరికి ఆయనకు ఓపిక పోయింది. ఒకనాడు ఆయాసపడుతూ అటక ఎక్కి, దుమ్ము పట్టిన కట్ట ఒకటి పట్టుకుని దిగారు. పిల్లల శిక్షలన్నీ ఆయన చలికాలంలో పొయ్యి రాజెయ్యడానికి వాడేవారు. ఈ కట్టను మాత్రం వాడబుద్ధి కాక దాచారు.

“ఇదిగో. ఇలా ఉండాలి రాత అంటే. ఎమిలియన్‌ది. అల్లరివాడే, కానీ చూడు, రెండు వందల పేజీల్లో ఒక్క తప్పు లేదు. ఇవాళ మేయరయ్యాడంటే ఊరికే అయ్యాడా? ఇంటికి తీసుకెళ్లి, వీణ్ణి చూసి నేర్చుకో.”

లియొంతీన్ మొదటి కాగితం తీసింది. మాస్టారి గొడుగులో కప్ప. మొదటి అక్షరం పందితోక. మూడో పేజీ మూల, పొయ్యిలో చెస్ట్‌నట్ పేలి బొగ్గు చిందిన మచ్చ అలాగే ఉంది.

“ఏం, నవ్వుతావేం?”

“కప్ప గుర్తొచ్చింది మాస్టారూ.”

చెప్పేద్దామనుకుంది. నోటిదాకా వచ్చింది, ఆమె నోటికి వచ్చినది ఆగడం అరుదు. కానీ ఆయన ఎముకల వేలు ఆ అక్షరాల వెంట పిల్లి వీపు నిమిరినట్టు మెల్లగా పోతోంది.

“ఆ ఏడు తొమ్మిది మందిని పంపాను. తొమ్మిదిమందీ నెగ్గారు. ఎమిలియన్‌ని ఎందుకు పంపానంటే ఈ కాగితాలు చూసి. నిన్నెందుకు పంపలేదంటే నీ కాగితాలు చూసి. అన్యాయం చేశానంటావా?”

“లేదు మాస్టారూ. కాగితాలు చూసే గదా పంపాలి.”

ఆ రాత్రి నుంచి ఇంట్లో ఆ కట్ట ముందు పెట్టుకుని కాపీ రాసింది. మొదటి పేజీ సగానికి వచ్చేసరికి చెయ్యి దానంతటదే కుడివైపుకు ఒరిగింది. పందితోక చుట్టుకుంది. తన చేత్తో రాస్తే తడబడే క్రియ ఎమిలియన్ చేత్తో రాస్తే తడబడలేదు. ఎవరూ నోటితో అనని ఆ పాత కాలం కూడా చెప్పిన మాట వింది. వేరేవాళ్లకోసమైతే తన చెయ్యి ఏనాడూ తప్పలేదని, నలభై ఆరేళ్లకు ఆమెకు మొదటిసారి తోచింది. తోచినందుకు కోపం కూడా వచ్చింది, కానీ ఎవరి మీదో తేలక, లేచి పప్పు నానబోసింది.

పరీక్ష పెద్ద ఊళ్లో. బస్సులో వెళ్లింది, పెళ్లినాటి కోటు వేసుకుని. హాల్లో ఇరవై మంది పెద్దవాళ్లు పిల్లల బల్లల్లో మోకాళ్లు ఇరికించుకుని కూర్చున్నారు. డిక్టేషన్‌లో అయిదు తప్పులొస్తే సున్నా, సున్నా వస్తే ఇంటికి. మొదటి వాక్యంలోనే తన రాతలో రెండు తప్పులు కనిపించాయి. వేరే మనిషి వంటింట్లోకి వచ్చి తన గరిటెలు తీసి ఇంకోచోట తగిలిస్తున్నట్టు కళ్లముందు కనిపించింది. కొత్త కాగితం అడిగి తీసుకుంది.

‘ఒరే ఎమిలియన్, నీకే రాస్తున్నానురా’ అనుకుని కలం కుడివైపుకు వంచింది.

జూన్ మధ్యలో మేయరాఫీసుకు ఉత్తరం వచ్చింది. అభ్యర్థి లియొంతీన్ ఫార్జ్ డిక్టేషన్‌లోనూ క్రియల్లోనూ ఒక్క తప్పూ చేయలేదు. అయితే ఆమె పంపిన దరఖాస్తు ఒక దస్తూరిలోనూ, జవాబు కాగితం వేరొక దస్తూరిలోనూ ఉన్నాయి. ఈ జవాబు ఆమే రాసిందని, ఆమెకు చదువు చెప్పినవారి సమక్షంలో విచారించి మేయరు సంతకం చేసి పంపాలి. లేకపోతే ఫలితం రద్దు. ఉత్తరంతో పాటు జవాబు కాగితమూ జతచేశారు.

మేయరు ఆ కాగితం విప్పి చూశాడు. మళ్లీ మడిచాడు. చెమట తుడుచుకుని, ఇద్దరికీ కబురు పెట్టాడు.

లఫోన్ మాస్టారు కర్ర ఊతంతో వచ్చారు. లియొంతీన్ ఏప్రన్‌తోనే వచ్చింది. మాస్టారు కాగితం కిటికీ దగ్గరికి తీసుకెళ్లారు, ఒక్క క్షణం పట్టలేదు.

“ఇందులో విచారించడానికేముంది? ఇది ఎమిలియన్ దస్తూరి.”

“మాస్టారూ, కొంచెం నిదానంగా...”

“నిదానమేమిటి? రెండు వందల పేజీలు ఇన్నేళ్లు దాచాను, మీ నాన్న సంతకాలతో సహా. ఈ తోక నాకు తెలియదా? ఏరా, మేయరువై ఉండి క్యాంటీన్ ఆవిడ పరీక్ష నువ్వు రాస్తావా? సిగ్గు లేదూ?”

“నేను రాయలేదండీ!”

“ఇది నీ దస్తూరి అవునా కాదా?”

మేయరు లియొంతీన్ వైపు చూశాడు. లియొంతీన్ జింక కొమ్ముల వైపు చూసింది. అవునంటే పరీక్షలో మోసం చేసినవాడవుతాడు. కాదంటే, మాస్టారు దాచిన రెండు వందల పేజీలు ఎవరివో చెప్పాలి.

“నువ్వయినా చెప్పవే” అన్నాడు మేయరు, మేయరు గొంతు వదిలేసి.

“విచారించేది మీరు గదా మేయరు గారూ. నేను అభ్యర్థిని.”

“సరే, రాసి చూపించు. మాస్టారి ముందు రాసి చూపించు, వదిలిపోతుంది.”

లియొంతీన్ చేతులు ఏప్రన్‌కు తుడుచుకుని కూర్చుంది. ముందు ‘నేను, నువ్వు, అతడు’ పై నుంచి కిందికి. తర్వాత క్రియలు, పై నుంచి కిందికి. తర్వాత ‘మాస్టారి గొడుగులో’ ఆరుసార్లు, ఆపైన ‘కప్పను’. మాస్టారు వెనక నిలబడి చూస్తున్నారు. నాలుగో కప్ప దగ్గర ఆయన కర్ర చప్పుడైంది. కుర్చీ లాక్కుని కూర్చున్నారు.

ఆయన అడిగారు.

“అన్నీనా?”

“అన్నీ మాస్టారూ. వాళ్లవీ, వీళ్లవీ కూడా. నావి చివర్న రాసుకునేదాన్ని, అందుకే అలా ఉండేవి.”

“వాళ్ల నాన్న సంతకాలు?”

“దానికి గుడ్డు వేరే.”

మాస్టారు కళ్లజోడు తీసి తుడిచారు. ఆ పూట నిజంగానే తుడవాల్సి వచ్చింది.

“తొమ్మిది మందిని పంపాను” అన్నారు, తనలో తాను. “పదో పేరు రాసి కొట్టేశాను. ఆ కొట్టేసిన కాగితం కూడా ఎక్కడో ఉండాలి.” తర్వాత కర్రతో బల్ల మీద కొట్టారు. “ఏం చూస్తున్నావురా? సంతకం పెట్టు.”

మేయరు పెట్టాడు. మాస్టారు పక్కన పెట్టారు. లియొంతీన్ ఉద్యోగం ఆ రెండు సంతకాల కింద ఖాయమైంది. ఆమె కుండ పొంగుతుందని వెళ్లబోతుంటే మాస్టారు ఆపారు.

“ఉండు, నువ్వు సాక్షివి. ఒరేయ్ ఎమిలియన్, నువ్వు నాకు బాకీ. ‘నేను నా శిక్షను ఇంకొకరి చేత రాయించను.’ ఆరుగురి మీదా, అన్ని కాలాలూ. గురువారానికి తే.”

“మాస్టారూ! ఈ వయసులో...”

“మీ నాన్న లేడు గనక సంతకం మీ ఆవిడ చేత పెట్టించు.”

మేయరు భార్య ఎలాంటిదో ఊరికంతా తెలుసు. అప్పటిదాకా ఎర్రగా ఉన్న ఆయన ముఖం ఆ మాటకు పాలిపోయింది.

బుధవారం మధ్యాహ్నం, పిల్లలు వెళ్లిపోయి లియొంతీన్ పెద్ద మూకుడు తోముతుంటే క్యాంటీన్ వెనక తలుపు మెల్లిగా తెరుచుకుంది. చంకలో నోటుపుస్తకం, కోటు లోపల ఏదో పొట్లం. అటూ ఇటూ చూసి మేయరు లోపలికొచ్చాడు.

“మొదటి మూడు కాలాలూ రాశాను లియొంతీన్. తర్వాత ఏమొస్తుందో... నాకు ఎప్పుడూ రాయాల్సిన పని పడలేదు గదా.” పొట్లం బల్ల మీద పెట్టాడు. “నల్ల సాసేజీ. పొద్దున చేసిందే.”

ఆమె పొట్లం విప్పి, వాసన చూసి, జానతో కొలిచింది. పెనం పొయ్యి మీద పెట్టింది. తర్వాత పిల్లల బల్ల ఒకటి కాలితో ఆయన వైపు జరిపి, కలం చేతికిచ్చింది.

“కూర్చో. నేను చెప్తాను, నువ్వు రాయి. ముందు ‘నేను’, ‘నువ్వు’ అన్నీ పై నుంచి కిందికి పెట్టుకో. అడ్డంగా రాశావంటే తెల్లారిపోతుంది.”

మేయరు మోకాళ్లు ఇరికించుకుని కూర్చుని, నాలిక పళ్లమధ్య పెట్టుకుని ఒక పేజీ రాశాడు. సాసేజీ చిటపటలాడింది. తల ఎత్తకుండానే అడిగాడు.

“మరి... మా ఆవిడ సంతకం?”

లియొంతీన్ పెనంలో సాసేజీ తిరగేసింది.

“ఒరే ఎమిలియన్, సంతకానికి గుడ్డు వేరే. మరిచిపోయావా?”